ఇంద్రజ కాలు

ఆ మంగళవారం మా సెంటర్‌కి వచ్చిన పేషెంట్లలో ఆవిడ పదకొండోది. ఛత్తీస్‌గఢ్‌లో స్టీల్ ప్లాంటు ఉన్న మా ఊళ్లో, స్మృతి నగర్ మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన ఉంటుంది మా డయాగ్నస్టిక్ సెంటర్. నేను అందులో ఎక్స్-రే టెక్నీషియన్‌ని. పద్నాలుగేళ్లుగా అదే గదిలో, అదే బల్ల పక్కన నిలబడి మనుషుల ఎముకలకి ఫోటోలు తీస్తున్నాను. చీటీలో ఏ భాగం తీయాలో మాత్రం ముందు చూస్తాను. పేరు కంప్యూటర్‌లో కొట్టేటప్పుడే చదువుతాను.

కుడి మోకాలి నుంచి చీలమండ దాకా, ఎదర నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయమని డాక్టరు రాశాడు. ఆవిడ మెట్లెక్కిన ఆయాసంతో బల్ల మీద కూర్చుంది. నూలు చీర, మెళ్లో నల్లపూసలు, చేతిలో గుడ్డ సంచీ. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. నేను మాస్కు వేసుకుని ఉన్నాను. అలవాటు ప్రకారం, కదలొద్దని హిందీలో "హిల్నా మత్" అని చెప్పి, అద్దం వెనక్కి వెళ్లి బటన్ నొక్కాను.

తెర మీద బొమ్మ వచ్చింది. మోకాలి కింది పెద్ద ఎముక ఎప్పుడో విరిగి, సరిగ్గా కూర్చోకుండానే అతుక్కుపోయింది. విరిగిన చోట చెరుకు కణుపులా లావుగా ఉబ్బి, అక్కడి నుంచి కిందికి వంకర తిరిగింది. ఇలాంటివి చాలా చూశాను. పేరు కొట్టడానికి చీటీ తీశాను. ఇంద్రజ. వయసు నలభై. చిరునామా మా ఊళ్లోదే, కోహ్కా అని ఉంది.

అద్దంలోంచి ఆవిడ వైపు చూశాను. కిందిపెదవి పంటితో నొక్కిపెట్టి పైకప్పు వైపు చూస్తోంది. పదహారేళ్లప్పుడు నొప్పి వచ్చినా, లెక్క తెగకపోయినా అలాగే నొక్కిపెట్టేది.

ఆ కాలు విరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ చప్పుడు నా చెవులతో విన్నాను.

నేనెవరో చెప్పలేదు. రెండో ఫోటో కూడా తీసి "హో గయా" అన్నాను. ఆవిడ చెప్పులేసుకుని, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగి వెళ్లిపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఆటో ఎక్కేదాకా చూశాను. అంటే, రెండోసారి కూడా ఆమెను వదిలేశాను.

నా పేరు డైసీ. మా నాన్న బాలశౌరి పాయకరావుపేట నుంచి వచ్చి ఇక్కడి స్టీల్ ప్లాంటులో చేరాడు. ప్లాంటు లోపల వ్యాగన్లు లాగే ఇంజన్లకి జెండా ఊపడం, వ్యాగన్లు తగిలించడం, విడదీయడం ఆయన పని. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ కామెర్లతో పోయింది. ఆ తర్వాత ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టార్ క్వార్టర్‌లో మేమిద్దరమే మిగిలాం. నాన్న షిఫ్టుకి వెళ్లేముందు అన్నం వండి మూతపెట్టేవాడు. వచ్చాక గిన్నెలు తోమేవాడు. ఈ రెంటికీ మధ్య ఆ ఇంట్లో ఒక్క మాట వినపడేది కాదు. ఆయన దుఃఖంలో ఆయన ఉన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు.

స్కూలు ఎగ్గొట్టి పవర్‌హౌస్ స్టేషన్‌లో కూర్చునేదాన్ని. ఒకరోజు వచ్చిన రైలు ఎక్కేశాను. గోందియాలో దించేశారు. తర్వాత ఒకసారి నాగపూర్, ఇంకోసారి బిలాస్‌పూర్. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి దొంగిలించేదాన్ని. నిద్రపోతున్న వాళ్ల చెప్పులు, టిఫిన్ డబ్బా, ఒకసారి చంటిపిల్లాడి స్వెట్టరు. వాటితో నాకు పనిలేదు. ఇంకొకళ్ల వస్తువు నా దగ్గరుంటే ఎవరో ఒకరు నా కోసం వెతుక్కుంటూ వస్తారనిపించేది.

స్కూల్లో టీచరమ్మ చెయ్యి కొరికితే పేరు కొట్టేశారు. అప్పుడెవరో చెబితే నాన్న నన్ను జబల్‌పూర్ అవతల ఒక ట్రస్టు వాళ్ల బోర్డింగులో వేశాడు. చెడిపోయిన పిల్లల్ని బాగుచేస్తామని కరపత్రంలో రాసుకున్నారు. ఆ బోర్డింగు పేరు ఇక్కడ రాయను. వెళ్లిన రోజే నా జుట్టు చెవుల పైకి కత్తిరించారు. అన్నం దగ్గర మాట్లాడితే మర్నాడంతా నిలబడి తినాలి. పక్క తడిపిన పిల్లకి ఆ తడి దుప్పటే మెడకి చుట్టి ప్రార్థనలో నిలబెట్టేవాళ్లు. నాకు పదమూడేళ్లు. అంతకుముందు ఎప్పుడూ పక్క తడపనిదాన్ని, అక్కడ మొదలుపెట్టాను.

ఏడో నెలలో పాలవ్యానులో డబ్బాల వెనక దాక్కుని బయటపడ్డాను. ఇంటికి వెళ్లలేదు. స్టేషన్లలో తిరిగే ఇద్దరు పెద్దపిల్లలతో కలిసి సూట్‌కేసులు ఎత్తుకుపోతూ మూడు నెలలు బతికాను. రైల్వే పోలీసులు పట్టుకుని కోర్టులో పెట్టారు. మహానది దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో ఆడపిల్లల హోమ్‌కి పంపించారు. పద్దెనిమిది నిండేదాకా అక్కడే ఉండాలన్నారు.

ముప్పైనాలుగు మంది పిల్లలం, ఒకటే పొడుగాటి హాలు. అక్కడ కొట్టడం తక్కువే. కానీ మా మొహం చూసి మాట్లాడేవాళ్లు లేరు. రెండోరోజు పంపు దగ్గర గిన్నెలు తోముతుంటే చెయ్యి తెగి, నాలో నేను తెలుగులో తిట్టుకున్నాను. పక్కనున్న పిల్ల గబుక్కున నా వైపు తిరిగింది.

"ఒలే, నువ్వు తెలుగుదానివేటే?"

ఆ పిల్లే ఇంద్రజ. నాకంటే ఏడాది పెద్ద. వాళ్లది విజయనగరం వైపు. అమ్మానాన్నల్లేరు. రాయపూర్‌లో మేనమామ ఇంట్లో పెరిగింది. ఇనప అట్లకాడతో ఆ మేనమామ తల పగలగొట్టి హోమ్‌కి వచ్చింది. ఎందుకు కొట్టిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అక్కడ పిల్లలం ఒకర్నొకరం అడగని ప్రశ్న అదొక్కటే.

నేను హిందీ మీడియం. తెలుగు మాట్లాడ్డమే తప్ప ఒక్క అక్షరం రాదు. ఇంద్రజ ఐదో తరగతి దాకా ఊళ్లో చదువుకుంది. మధ్యాహ్నం హాలు తుడిచే పని మా ఇద్దరిదీ. బకెట్లో వేలు ముంచి గచ్చు మీద అక్షరాలు రాసేది. అవి ఆరిపోయేలోగా నేను చదవాలి. చదవకపోతే జుట్టు పట్టుకుని లాగేది. ఎండాకాలంలో నీళ్లు చటుక్కున ఆరిపోతాయి కాబట్టి గబగబా చదవడం కూడా వచ్చేసింది. ఇవాళ ఇది రాస్తున్న అక్షరాలన్నీ ఆమె నేర్పినవే.

నాన్న నెలకో ఆదివారం వచ్చేవాడు. బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. "బాగున్నావా అమ్మా?" అనేవాడు. "ఉన్నాను" అనేదాన్ని. వెళ్లేముందు జంతికల పొట్లం ఇచ్చేవాడు. ఇంద్రజ కోసం ఎవరూ వచ్చేవాళ్లు కారు. కిటికీ ఊచల్లోంచి మమ్మల్నే చూస్తూ ఉండేది. "మీ నాన్న సెవులే నీకూ వొచ్చేయే" అని, జంతికల్లో సగం కంటే ఎక్కువ తనే తినేది.

పారిపోదామని అన్నది నేను. మా క్వార్టర్‌కి వెళ్తే పోలీసులు ముందు అక్కడికే వస్తారు. అందుకని మా ఊరి బస్తీ క్యాంప్ వన్‌లో అప్పలనర్సమ్మ ఇంట్లో దాక్కుందామని అనుకున్నాం. ఆవిడ మా అమ్మకి స్నేహితురాలు, కూరగాయలు అమ్మేది. దారిలో విడిపోతే వెతుక్కోవాలని "క్యాంప్ వన్, పిండిమర వెనక, నీలం తలుపు" అని ఇంద్రజతో పదిసార్లు వల్లె వేయించాను.

రెండువేల సంవత్సరం, నవంబరు ఒకటో తారీకున ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైంది. హోమ్‌లో జెండా ఎగరేశారు, లడ్డూలు పంచారు, మైకులో పాటలు పెట్టారు. వాచ్‌మన్ కూడా ముందు వరండాలోకి వెళ్లాడు. మధ్యాహ్నం పన్నెండింటికి మేమిద్దరం వెనక మరుగుదొడ్ల పక్క గోడ ఎక్కాం. అటువైపు మరమ్మతులకని తెచ్చిన ఇసక గుట్ట ఉంది. నేను ముందు దూకి ఇసకలో పడ్డాను. ఇంద్రజ గోడ మీద కూర్చుని కిందికి చూసి భయపడింది. ఇంకాస్త తక్కువ ఎత్తున్న చోటు కోసం పక్కకి జరిగి దూకింది. అక్కడ ఇసక లేదు. ఇటుకలున్నాయి.

ఎండుకొమ్మ విరిచినట్టు ఫట్‌మని చప్పుడైంది.

ఆమె వెంటనే ఏడవలేదు. తన కాలు కానట్టు దానివైపు చూస్తూ ఉండిపోయింది. గోడకి అవతల ఈల వినపడింది. నేను ఆమె వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాను.

"డైసీ" అంది.

నేను వెనక్కి తిరిగాను.

"డైసీ! ఒలే డైసీ!" అని ఇంకో రెండుసార్లు అరిచింది. నేను పరిగెత్తాను.

తర్వాత అడిగిన వాళ్లందరికీ, నన్ను వెళ్లిపొమ్మని ఇంద్రజే చెప్పిందన్నాను. అది అబద్ధం.

ఉత్సవాల నుంచి తిరిగి వెళ్తున్న జనంలో కలిసి బస్సెక్కాను, తర్వాత రైలెక్కాను. పొద్దుగూకేసరికి అప్పలనర్సమ్మ ఇంట్లో ఉన్నాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే నాన్నకి కబురు పెట్టింది. నాన్న సైకిలు మీద వచ్చాడు. జరిగిందంతా చెప్పాను, ఆ అబద్ధంతో సహా.

"ఆ పిల్లకి ఎవులున్నారు?" అన్నాడు.

"ఎవరూ లేరు."

నాన్న తల వంచుకున్నాడు. "తిరిగెల్లిపోదామమ్మా. నేనే తీసుకెల్తాను. మా పిల్లది తప్పైపోనాది అని నేను సెప్తాను. ఇలా ఎన్నాల్లు దాక్కుంటావు?"

వెళ్లనన్నాను. "ఆలోసించు, రేపొస్తాను" అని వెళ్లాడు. మర్నాడు పొద్దున్న ఆయన రాకముందే పోలీసు జీపు వచ్చింది. ఎవర్నీ దారి అడక్కుండా తిన్నగా పిండిమర వెనక నీలం తలుపు ముందు ఆగింది. నేనక్కడ ఉన్నట్టు తెలిసినవాళ్లు ఇద్దరే. అప్పలనర్సమ్మ జీపు కదలకుండా దానికి అడ్డం పడి ఏడుస్తోంది. ఇంక మిగిలింది నాన్న.

జీపు బయల్దేరుతుంటే ఆయన వచ్చాడు. సైకిలు రోడ్డు మీదే పడేసి కిటికీ ఊచ పట్టుకున్నాడు. "నేను సెప్పలేదమ్మా" అన్నాడు. నేను ఆయన మొహం మీద ఉమ్మాను.

ఈసారి నన్ను ఇంకా దూరంగా, జగదల్‌పూర్ దాటాక ఒక హోమ్‌లో వేశారు. అక్కడ రజనీకుమారి అని ఒక వార్డెన్ ఉండేది, ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగావిడ. నేను వెళ్లిన సాయంత్రం నా కాగితాలు తెరవకుండానే "నీకు ఏ కూరంటే ఇష్టం?" అని అడిగింది. అంతకుముందు రెండేళ్లలో నన్నెవరూ అది అడగలేదు. దొండకాయ అని చెప్పడానికి మర్నాటి దాకా పట్టింది.

ఆవిడ నా చేత పదో తరగతి పాసు చేయించింది. నాన్న అక్కడికీ వచ్చేవాడు. ఏడాది పాటు నేను ఆయనకి కనపడలేదు. జంతికల పొట్లం ఆవిడ చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. చివరికి ఆవిడే ఒకరోజు "మాట్లాడకు, పర్లేదు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషికి ఒకసారి కనపడు, అంతే" అంది. అప్పటి నుంచి మళ్లీ బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను.

పద్దెనిమిదేళ్లకి బయటికొచ్చాను. ఇంటర్ చదివాక డిప్లొమాకి వెళ్తే రేడియోగ్రఫీలో తప్ప ఎందులోనూ సీట్లు లేవన్నారు. అలా ఈ పనిలోకి వచ్చాను. పెళ్లయింది. మా ఆయన ఇమ్మాను చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నా సంగతులన్నీ ఆయనకి తెలుసు. రిటైరయ్యాక నాన్న రిసాలిలో మా దగ్గరే ఉండేవాడు. ఆయనకి వేళకి అన్నం పెట్టాను, మందులు కొన్నాను. కానీ ఆ జీపు మా ఇద్దరి మధ్య అలాగే నిలబడి ఉండేది. ఒక సాయంత్రం వరండాలో కూర్చున్నప్పుడు ఇంక దాన్ని తీసేద్దామనుకున్నాను.

"పోన్లే నాన్నా, అప్పుడు నువ్వు పోలీసులకి చెప్పి మంచిపనే చేశావు. లేకపోతే నేనేమైపోయేదాన్నో" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. "టీ తాగుతావేటమ్మా?" అని లేచి వంటింట్లోకి వెళ్లాడు. పెద్దమనసు చూపించానని ఆ రోజు నాకు ఎంతో తేలిగ్గా అనిపించింది. నాలుగేళ్ల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో నాన్న పోయాడు.

ఆ మంగళవారం ఇంటికొచ్చి ఇమ్మానుకి చెప్పాను. అంతా విని, "రిపోర్టు ఎవులు తీసుకెల్తారు?" అన్నాడు.

"వాళ్లే వచ్చి తీసుకోవాలి."

"ఈసారి నువ్వట్టుకెల్లు."

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి కోహ్కా వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వాకిట్లో తులసి కుండీ, తలుపు పక్కన కుట్టుమిషను, దాని మీద ఫాల్ కుట్టాల్సిన చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. ఇంద్రజే తలుపు తీసింది.

"రిపోర్టు తెచ్చాను" అన్నాను తెలుగులో.

కవరు అందుకోకుండా నా మొహం చూసింది. తర్వాత నా చెవుల వైపు చూసింది. తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.

"డైసీవి కదే" అంది. ఇంకేమంటుందోనని నిలబడ్డాను. "సెప్పులక్కడ ఇప్పి లోపలికి రా" అంది.

గోడకి దండేసి ఉన్న ఒక పెద్దాయన ఫోటో కింద కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. ఇరవైనాలుగేళ్లుగా మనసులో తిప్పుకున్న మాటలు మొదలుపెట్టాను. "ఇంద్రా, ఆ రోజు నేను నిన్ను..."

"ఆగాగు. సారీలు గీరీలు వొద్దు. కాళ్లట్టుకోడాలు అసలే వొద్దు, ముట్టుకుంటే నొప్పెడతాది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"నువ్వు మూడుసార్లు పిలిచావు. నాకు వినపడింది. విని కూడా పరిగెత్తాను. పైగా నువ్వే పొమ్మన్నావని అందరికీ చెప్పాను."

"తెలుసు. పొమ్మని నేనెందుకంటాను? పేనం పోతంటే!" ఆమె మంచం మీద కూర్చుని కాలు చాపుకుంది. "రెండేళ్లు నిన్ను తిట్టుకోని రోజు లేదు. తరవాత తిట్టడానికి ఓపిక లేకపోయింది. అయినా నేనూ ఊరుకోలేదులే. క్యాంప్ వన్, పిండిమర వెనక, నీలం తలుపు. నువ్వెక్కడికెల్లేవో సెప్తేనే ఆసుపత్రికి తీసుకెల్తాం అన్నారు హోమ్ వోళ్లు. ఒక పగలూ ఒక రాత్రీ ఓర్సుకున్నాను. కాలు గుమ్మడికాయంత అయిపోనాది. అప్పుడు సెప్పేసేను. దానికి నేను మాత్రం నీకు సారీ సెప్పను."

గ్లాసు కింద పెట్టాను.

"నువ్వా?"

"మరెవులనుకున్నావు?"

"మా నాన్న అనుకున్నాను."

ఇంద్రజ మొహంలో నవ్వు పోయింది. "అదేటి? ఆయన నీకు సెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది.

"ఆసుపత్రిలో కాలికి కట్టేసి మంచమ్మీద పడేసేరు. నాలుగో రోజో అయిదో రోజో మీ నాన్నొచ్చేడు. ఆపిల్ పళ్లు, జంతికలు అట్టుకొచ్చేడు. 'మా డైసీ స్నేహితురాలివి కదమ్మా, ఎలగున్నాది కాలు?' అన్నాడు. నాకు ఏడుపాగలేదు. నేనే సెప్పేసేను బాబాయ్, దానికి మాత్రం సెప్పకండి, అది నన్ను ఇంక సస్తే సూడదు అన్నాను. నా తల మీద సెయ్యేసి, సెప్పనమ్మా అన్నాడు. కట్టిప్పేదాకా నాలుగు నెలలు, నెలకోసారి వొచ్చేవాడు. ఎప్పుడో ఒకప్పుడు నీకు సెప్పేసుంటాడు, అందుకే నువ్వు నాకోసం రాలేదు అనుకున్నాను నేను."

ఆ నాలుగు నెలలూ నాన్న రాత్రంతా బస్సులో కూర్చుని నా దగ్గరికి కూడా వచ్చాడు. నేను కనపడలేదు. జీపు దగ్గర "నేను సెప్పలేదమ్మా" అన్నప్పుడు ఎవరు చెప్పారో ఆయనకి తెలియదు. తెలిశాక ఇంక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కాలు విరిగి, నా అన్నవాళ్లు లేకుండా పడి ఉన్న ఒక పిల్లకి మాటిచ్చాడు. ఆ మాట కోసం ఇరవై ఏళ్లు కూతురి దగ్గర దోషిగానే ఉండిపోయాడు.

"నేను ఆయన్ని క్షమించాను ఇంద్రా" అన్నాను. "వరండాలో కూర్చోబెట్టి మరీ క్షమించాను. చెయ్యని పనికి."

ఆ తర్వాత నావల్ల కాలేదు. కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇంద్రజ మంచం కోడు పట్టుకుని, కష్టపడి వంగి, తను కూడా నా పక్కన కింద కూర్చుంది. వంకర కాలు ముందుకి చాపుకుంది. ఓదార్చలేదు. నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది.

ఇంద్రజ మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. పిండిమర, నీలం తలుపు వల్లె వేయించింది నేనే అయినా రాలేదు. నిజానికి నేనే రానివ్వలేదు. విరిగిన కాలుతో వదిలేసి వచ్చినదాని మీద మళ్లీ నేరం మోపడానికి నాకు మొహం చెల్లలేదు. నాన్న మీద మోపడం తేలిక. ఎంత మోపినా జంతికలు పట్టుకుని మళ్లీ వచ్చేవాడు.

నాలుగున్నరకి వాకిట్లో బండి ఆగింది. ఇంద్రజ గబగబా కళ్లు తుడుచుకుంది. "మా ఆయన. హోమ్ సంగతి ఆయనకి తెల్దు. మావయ్య స్కూటర్ మీంచి పడ్డానని సెప్పేను. నువ్వు నా స్కూలు ఫ్రెండువి, సరేనా?" అంది నా చెవిలో.

ఉదయ్‌కుమార్ ప్లాంటులో రైలు పట్టాలు చేసే రైల్ మిల్లు ఆపరేటర్. మొదటి షిఫ్టు చేసి వచ్చాడు. నెమ్మదస్తుడు. నేలమీద కూర్చుని ఉన్న మమ్మల్నిద్దర్నీ చూసి తడబడ్డాడు. స్కూలు ఫ్రెండునని, ఎక్స్-రే సెంటర్లో పనిచేస్తానని చెప్పాను. ఆయన మొహం విప్పారింది. "అయితే శనివారం డాక్టరు దగ్గరికి మీరు కూడా రండి దీదీ. ఆ బొమ్మలూ అవీ మాకు అర్థం కావు" అన్నాడు.

వెళ్లాను. ఎముకల డాక్టరు కుర్రవాడు. ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి ఎలా విరిగిందని హిందీలో అడిగాడు. "స్కూటర్ సే గిరీ థీ" అన్నాడు ఉదయ్‌కుమార్. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఎత్తు నుంచి నిలువుగా పడినట్టుందని, పైగా కట్టు వేయడం చాలా ఆలస్యమైనట్టుందని అన్నాడు. ఆపరేషన్‌కి ముందు అన్నీ తెలియాలి, గుర్తు చేసుకుని చెప్పమన్నాడు.

ఇంద్రజ నా వైపు చూసింది. చెప్పమని గాని వద్దని గాని నేను తల ఊపలేదు. అది ఆమె ఇష్టం. ఆమె కిందిపెదవి పంటితో నొక్కి, వదిలి, మొగుడి వైపు తిరిగింది.

"గోడ దూకేనండి. ఆడపిల్లల హోమ్ గోడ. నాకు పదారేళ్లు. రెండేళ్లున్నాను అక్కడ. ఇదీ నాతోపాటే ఉండీది. కట్టు రెండో రోజుకి గాని ఎయ్యలేదు" అంది. తర్వాత అదంతా డాక్టరుకి హిందీలో చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. ఉదయ్‌కుమార్ తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. అయిదు నిమిషాలయ్యాక ఉదయ్‌కుమార్ అడిగాడు.

"ఎంత ఎత్తుంటాది ఆ గోడ?"

ఇంద్రజ అటూ ఇటూ చూసి, సైకిళ్ల షెడ్డు చూపించింది. "అంత."

"అంతెత్తు మీంచి దూకేవా?" అన్నాడు. కోపమో ఆశ్చర్యమో తెలియలేదు. మళ్లీ, "పంతొమ్మిదేళ్లయింది పెళ్లై. నాకు సెప్పకూడదా?" అన్నాడు.

"సెప్తే సేసుకుందురా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "మా అమ్మ ఒప్పుకునీది కాదు. నా సంగతి నాకే తెల్దు." లేచి ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "హోమ్‌లో ఎందుకేసేరు?"

"ఇంటికెల్లేక సెప్తాను."

"సరే. సెప్పు" అని ఆటో పిలవడానికి వెళ్లాడు.

ఆ వారంలో ఇంద్రజ నుంచి ఫోను రాలేదు. నేను చెయ్యడానికి భయపడ్డాను. ఎనిమిదో రోజు తనే చేసింది.

"అంతా సెప్పేసేనే. రాయపూర్ మావయ్య సంగతి కూడా. మొగుడికే కాదు, ఎవులికీ సెప్పనిది సెప్పేను. నాలుగు రోజులు నాతో మాటాడలేదు. అన్నం తినీవాడు, డ్యూటీకి ఎల్లీవాడు. ఇంక అయిపోనాది నా పని అనుకున్నాను. అయిదో రోజు మావయ్య ఫోటో ఉండీది కదా గోడకి, దండేసి ఉండీది. కుర్చీ ఎక్కి దాన్ని దించి, అట్టుకెల్లి మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసి వొచ్చేడు. వొచ్చి, మేకు కూడా పీకేసేడే" అంది. ఫోనులో ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

డిసెంబరులో ఆపరేషన్ చేశారు. ఎముకని మళ్లీ విరగగొట్టి, తిన్నగా పెట్టి, లోపల రాడ్ వేశారు. ఆ ఫోటో కూడా నేనే తీశాను. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. ఆదివారం చర్చి అయ్యాక నేను కోహ్కా వెళ్తాను, లేదంటే ఉదయ్‌కుమారే ఆమెను బండి మీద తెచ్చి రిసాలిలో దింపుతాడు.

నాన్న అయిదుసార్లు ఆసుపత్రికి వచ్చాడు కదా, ఏం మాట్లాడేవాడని వెళ్లిన ప్రతిసారీ అడుగుతాను. ఇంద్రజ గుర్తొచ్చినప్పుడల్లా ఒక్కో ముక్క చెబుతుంది. మొన్న ఆదివారం చిక్కుళ్లు ఈనెలు తీస్తూ ఇంకొకటి చెప్పింది. ఎప్పుడూ అంత నెమ్మదిగా ఉంటారేటి బాబాయ్ అని ఒకసారి తను అడిగిందట. నాన్న నవ్వి, "డైసీ వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో నాకు మాటాడ్డానికి సందిచ్చీది కాదమ్మా. ఆవిడ పోనాక పిల్లతో ఏటి మాటాడాలో, ఎలగ మొదలెట్టాలో నాకు తెలిసీది కాదు" అన్నాడట.

"ఇంకేమన్నాడు?" అన్నాను.

"ఉండవే, గుర్తు రానీ" అంది ఇంద్రజ.